ముప్ఫై అయిదు నిమిషాలు

వచ్చినవాళ్ళని ఇప్పుడు లేపితే బాగుండదు, కేకు ప్లేట్లు ఇంకా అందరి చేతుల్లోనే ఉన్నాయి, ఇంకో పది నిమిషాలు ఆగి లేపితే మర్యాదగా ఉంటుంది, కానీ ఆ పది నిమిషాల్లో ఏం ముంచుకొస్తుందో ఎవరు చెప్పగలరు. వంటింటి గుమ్మానికి ఆనుకుని, చేతిలో టీ కెటిల్ పట్టుకుని, హాల్లో ఉన్న పదకొండు మందినీ చూస్తున్నట్టు నటిస్తూ ఒక్క ముఖాన్నే చూస్తున్నాను. ఆయన కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు. కుర్చీ అలా వేసింది నేనే, వెలుతురు తగ్గిపోవడం ఆయన కంట పడకూడదని. మూడింటికే లైట్లన్నీ వేసేశాను, పట్టపగలు దీపాలేమిటని ఎవరైనా అడిగితే పుట్టినరోజు కదా అందామని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను, ఎవరూ అడగలేదు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, నడుం దగ్గర నేనే రెండంగుళాలు లోపలికి పట్టి కుట్టిన ప్యాంటు. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి బతికినదాన్ని, మనిషి తగ్గిపోతున్న సంగతి నాకు కళ్ళకంటే ముందు టేపు చెప్పేస్తుంది. చూసేవాళ్ళకి మాత్రం ఆయన అచ్చం పాత కంట్రోలర్ గారే, బస్ డిపోలో బళ్ళని టైముకి పంపే టైమాఫీసు బల్ల వెనక కూర్చున్నట్టే వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఉంచుకుని. అలా ఇంకొంతసేపు ఉంటే చాలు. అరగంట కూడా అక్కర్లేదు, ఇరవై నిమిషాలు.

చిక్కంతా వెలుతురుతోనే. పొద్దున్న బాగానే ఉంటారు, పేపరు చదువుతారు, చదివినదాని మీద విసుక్కుంటారు, నిన్నటి కూర ఇవాళ పెట్టానని కనిపెడతారు కూడా. మధ్యాహ్నం కునుకు తీసి లేచాక రెండు గంటలు ఇంకా బాగుంటారు. ఎండ ఎదురింటి మేడ వెనక్కి దిగిందంటే చాలు, మనిషి లోపల ఏదో సడలిపోతుంది. మొదట చేతులు. చొక్కా కింది గుండీ పట్టుకుని తిప్పడం మొదలుపెడతారు. తర్వాత అడిగిందే అడుగుతారు. ఆ తర్వాత లేచి తలుపు దగ్గరికి వెళ్ళి గొళ్ళెం తీయబోతారు, డ్యూటీకి టైమైందని, తను వెళ్ళకపోతే ఎనభై బళ్ళు గేటు లోపలే ఉండిపోతాయని. వద్దంటే ఏడుస్తారు. పెళ్ళయిన నలభై రెండేళ్ళు ఆయన ఏడవడం నేను చూడలేదు, ఈ రెండేళ్ళలో వారానికి మూడు నాలుగుసార్లు చూస్తున్నాను. చాలామందికి పొద్దువాలే వేళకే ఇది ఎక్కువవుతుందమ్మా అన్నాడు డాక్టరు, జలుబు సంగతి చెప్పినంత తేలిగ్గా. ఆ రోజు ఇంటికి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తల బయటికే తిప్పుకుని, ఆయన నన్ను ఒకటే అడిగారు. "డిపో వాళ్ళకి మాత్రం తెలియనివ్వకు." ఆయన నన్ను ఏదైనా అడగడమే అరుదు, చొక్కా గుండీ ఊడినా తనే కుట్టుకోవడానికి చూసే మనిషి, ఇంట్లో టైలర్ని పెట్టుకుని. సరే అన్నాను. ఆ సరే ఎంత బరువో అప్పుడు తెలియలేదు. ఫోను వస్తే పడుకున్నారని చెప్పడం, చూడటానికి వస్తామన్నవాళ్ళతో ఊళ్ళో లేమని చెప్పడం, సాయంత్రాలు ఇంట్లో ఉండాలి కాబట్టి షాపు మూసేయడం, ఎందుకు మూశావని అడిగితే మోకాళ్ళ నొప్పులనడం. అబద్ధాలు కూడా కుట్టుపనే, ఒకటి వేశాక దాన్ని పట్టి ఉంచడానికి ఇంకోటి వేయాలి. రెండేళ్ళుగా ఈ ఇంట్లో సాయంత్రాలు మేమిద్దరమే, అసలు సంగతి చెప్పాలంటే నేనొక్కదాన్నే.

మూడుసార్లు తప్పించుకున్నాను, నాలుగోసారి దొరికిపోయాను. డెబ్బయ్యో పుట్టినరోజని వాళ్ళకెలా గుర్తుందో మరి. ఫోను చేసింది కండక్టరు, డిపోలో అందరూ ఆవిడని రైట్‌రైట్ అనే పిలుస్తారు, అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో, ఛ, ఇలాంటి హాస్యాలు ఈ ఇంట్లో ఆడకూడదని ఎన్నిసార్లు లెంపలు వేసుకున్నానో. "వదినా, పదిమందిమే వస్తాం. కేకు మేమే తెస్తాం. మీరు కాసిని టీ నీళ్ళు పోస్తే చాలు." నాలుగింటికి రమ్మన్నాను. "ఆరింటికల్లా లేచిపోతాంలెండి, మాకు మాత్రం ఇళ్ళు లేవా," అంది. ఆరంటే అప్పటికి ఎండ దిగిపోతుంది, అయిదున్నర అందామనుకున్నాను, కానీ గంటన్నర పార్టీ అంటే రమ్మన్నట్టా పొమ్మన్నట్టా. సరే అనేశాను, నాకు సరే అనడం అలవాటైపోయింది. ఇవాళ పొద్దున్న ఆయన స్నానానికి వెళ్ళగానే స్టూలు వేసుకుని ఎక్కి గోడ గడియారం ముల్లు ముందుకి తిప్పాను. అరగంట చాలు, కానీ కుట్టేవాళ్ళం ఎప్పుడూ కాస్త గుడ్డ లోపలికి వదులుకుంటాం, అందుకని ఇంకో అయిదు నిమిషాలు కలిపాను. ఆయన చేతి వాచీని ఉతకాల్సిన బట్టల కింద దాచేశాను. రెండుసార్లు అడిగారు. రిపేరుకిచ్చానన్నాను. గోడ మీద ఆరయ్యేసరికి బయట అయిదూ ఇరవై అయిదు మాత్రమే అవుతుంది, వాళ్ళు మర్యాదస్తులు, ఆరు చూడగానే లేస్తారు, ఎండ మేడ దిగేసరికి ఇల్లు ఖాళీ అవుతుంది, ఆయన గౌరవం ఆయనకి ఉంటుంది. స్టూలు దిగి నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఫ్రిజ్ మీద పెట్టిన ఫోనులో ఇప్పుడు అయిదూ అయిదు. గోడ మీద అయిదూ నలభై. కెటిల్లో టీ చల్లారిపోతోంది, వేడి చేయకూడదు, వేడి టీ పోస్తే ఇంకో అరగంట కూర్చుంటారు. పార్టీ ముగించడానికి దారులు లేకపోలేదు. ఖాళీ గ్లాసులు ఏరడం మొదలుపెట్టాలి, మిగిలిన కేకు పొట్లాలు కట్టి చేతుల్లో పెట్టాలి, పొట్లం చేతికొచ్చాక ఎంత జిడ్డు మనిషైనా లేవాల్సిందే. మా పెద్దత్త అయితే చీపురు తెచ్చి గుమ్మం పక్కన నిలబెట్టేది. ఊడ్చేది కాదు, ఒక్క మాట అనేది కాదు, ఊరికే నిలబెట్టేదంతే. ఆవిడ ఇంటికి జనం ఎందుకు వచ్చేవారో తెలియదు గానీ ఎప్పుడు వెళ్ళాలో మాత్రం అందరికీ తెలిసేది. గ్లాసుల దగ్గరికి ఒక అడుగు వేశాను, వేసి ఆగిపోయాను, ఎందుకంటే ముసలి మెకానిక్ ఏదో అంటూ తలెత్తి గడియారం వైపు చూసి, వెంటనే తన మణికట్టు వైపు చూసుకుని, మళ్ళీ మాటల్లో పడిపోయాడు. అలా చూడటం నేను ఇంతకుముందే చూశాను. గంట క్రితం, వాళ్ళు వస్తున్నప్పుడు. చెప్పులు విడుస్తూ ఒక్కొక్కరూ గోడ వైపు ఒక చూపు, చేతి వైపు ఒక చూపు, తర్వాత నా వైపు తిరిగి బాగున్నారా వదినా అని నవ్వు. పదకొండుసార్లు చూసి కూడా నా మట్టిబుర్రకి ఎక్కలేదు, కుర్చీలు చాలతాయా లేదా అన్న గొడవలో ఉన్నాను. వీళ్ళు డిపో వాళ్ళు. టైమాఫీసు గుమ్మం తొక్కగానే గోడ గడియారంతో చేతి గడియారం సరిచూసుకోవడం వీళ్ళకి కాళ్ళు తుడుచుకోవడం లాంటిది. అక్కడి గడియారం ఒకసారి రెండు నిమిషాలు వెనకబడిందని డ్రైవర్లంతా బళ్ళు తీయకుండా కూర్చున్నారు, ఈయనే కుర్చీ ఎక్కి సరిచేసి, తప్పు నాదేనని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టి వచ్చారు, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. రెండు నిమిషాలకి అంత రభస చేసినవాళ్ళు ముప్ఫై అయిదు నిమిషాలకి ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదు. కంట్రోలర్ గారింట్లో గడియారం ముప్ఫై అయిదు నిమిషాలు తప్పు నడుస్తోంది, ఆ కంట్రోలర్ గారు దాని కిందే కూర్చుని నవ్వుతున్నారు, ఇంకేం కావాలి, గుమ్మానికి బోర్డు రాసి వేలాడదీసినా ఇంత బాగా అర్థం కాదు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పోనీ, గడియారం పాడైందనుకుని ఊరుకున్నారేమో, పెద్దవాళ్ళ ఇల్లు, సెల్లు మార్చలేదనుకున్నారేమో. అలా అనుకోవడానికి చాలా ప్రయత్నం చేశాను.

అప్పుడే ఆయన తలెత్తారు. మెడ వెనక్కి తిప్పి, కళ్ళు చికిలించి, గడియారం చూశారు. గడియారం తప్పని పట్టుకుంటారేమోనని భయపడ్డాననుకుంటారు మీరు. అది కాదు. ఆయన పట్టుకుంటారని ఆశపడ్డాను. ఒకప్పుడు నేను మిషను తొక్కుతూ వెనక్కి తిరక్కుండానే టైమెంతండీ అంటే, మధ్యాహ్నం కునుకులో ఉండి కూడా కళ్ళు తెరవకుండా మూడూ పది అనేవారు, పందెం కట్టి చూస్తే మూడూ పదే. ఎండని బట్టా, వీధిలో చప్పుళ్ళని బట్టా, ఎలా తెలుస్తుందని అడిగితే, తెలియకపోతే ఎలా అనేవారు. ఆ మనిషి లోపల ఎక్కడో ఉండి ఉంటే ఇప్పుడు బయటికి వస్తాడు, ఇదేం గడియారమే, నీ బుద్ధి గడ్డి తిందా, ఇంత తప్పు పెట్టుకుని కూర్చున్నావు, వీళ్ళేమనుకుంటారు అని అందరి ముందూ నన్ను తిడతాడు. తిట్టించుకోవాలని అంత గట్టిగా నా జన్మలో కోరుకోలేదు. ఆయన తల దించి, "అయిదూ నలభై. నలభై రెండో నంబరు గేటు దాటే టైము," అన్నారు. "అవును సార్, ఈపాటికి దాటేసుంటుంది," అన్నాడు మెకానిక్. నేను లోపలికి వెళ్ళి కడిగిన చెంచానే మళ్ళీ కడిగాను. ఏడవలేదు, ఏడిస్తే కళ్ళు ఎర్రబడతాయి, పార్టీలో ఎర్ర కళ్ళెవరికి కావాలి.

మళ్ళీ హాల్లోకి వచ్చేసరికి అందరూ బ్రేకు అని పిలిచే డ్రైవరు కథ మొదలుపెట్టాడు. దారిలో ఎవరు చెయ్యెత్తినా బండి ఆపేస్తాడని ఆ పేరు, రోజూ ఆలస్యమే, రోజూ ఈయన సంజాయిషీ రాయించుకునేవారు, ఇంటికొచ్చి అతని గురించే చెప్పి నవ్వుకునేవారు. ఒకరోజు స్టాపులో ఒకాయన నిలువుటద్దం పట్టుకుని నిలబడ్డాడట, మనిషంత అద్దం, ఏ బస్సూ ఎక్కించుకోలేదట, బ్రేకు ఆపాడట. అద్దాన్ని బండి మధ్యలో నిలబెట్టారు, ఇక ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే దాని ముందు ఆగి తల దువ్వుకోవడం, మీసం సర్దుకోవడం, దిగాల్సినవాళ్ళకి దారి లేదు, ఎక్కాల్సినవాళ్ళకి చోటు లేదు, పద్నాలుగు నిమిషాలు లేటు. "సంజాయిషీలో ఏం రాయాలో తెలీక, కారణం అద్దం అని రాశా," అన్నాడు బ్రేకు. ఆ తర్వాతి మాట అతను అనబోతుండగానే ఈయన చెయ్యెత్తి ఆపారు. "దాని కింద నేనేం రాశానో చెప్పనా? ముందు అందులో నీ ముఖం చూసుకో, అని రాశాను." ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు అందరూ, ఈయన అందరికంటే ఎక్కువ నవ్వారు, భుజాలు కదిలేలా, కళ్ళలో నీళ్ళొచ్చేలా. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. గోడ మీద ఆరు దాటి అయిదు నిమిషాలు. బయట అయిదున్నర. ఇదే సమయమని నాకు తెలుసు. గుండీ కుట్టాక దారం ఎక్కడ తెంపాలో చేతికి తెలుస్తుంది, ఇంకో కుట్టు వేస్తే గుడ్డ ముడుచుకుంటుంది. ఈ నవ్వు మీద అందరూ లేస్తే, ఈ నవ్వే వాళ్ళతో ఇళ్ళకి వెళ్తుంది, కంట్రోలర్ గారు ఇంకా అలాగే ఉన్నారర్రా అని పదేళ్ళు చెప్పుకుంటారు. నోరు తెరిచాను, చాలా సంతోషమండీ, మళ్ళీ కలుద్దాం అని, రెండు రోజులుగా వంటింట్లో సాధన చేసిన మాటే.

రైట్‌రైట్ నా చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "కూర్చోండి వదినా, వచ్చినప్పట్నించీ నిలబడే ఉన్నారు." కేకు ముక్క ఉన్న ప్లేటు నా చేతిలో పెట్టింది. ఎంత చిన్న సంగతో చూడండి. రెండేళ్ళలో నా చేతికి ఇంకో మనిషి ప్లేటు అందించడం అదే మొదలు. పెట్టేదాన్ని నేనే, తీసేదాన్ని నేనే, తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు. కూర్చున్నాను. తిన్నాను. పైనున్న క్రీము తీపి ఎక్కువైంది, అయినా వేలితో సహా నాకాను. షాపెందుకు మూసేశారు వదినా, మీరు కుట్టిన యూనిఫారాలు ఇప్పటికీ చిరగలేదు అంది రైట్‌రైట్, ఆవిడ చెయ్యి నా చేతి మీదే ఉంది, వెచ్చగా, టిక్కెట్లు చింపి చింపి బొటనవేలి దగ్గర గట్టిపడిన చెయ్యి. మోకాళ్ళ నొప్పులనబోయి, ఎందుకో, ఒకాయన సంగతి చెప్పడం మొదలుపెట్టాను, నెలకోసారి వచ్చి ప్యాంటు వదులు చేయించుకుని తప్పంతా గుడ్డదేననేవాడు, ముడుచుకుపోతోందని బట్టలమిల్లు మీద కేసు వేస్తానన్నాడు, చివరికి నేను టేపు ఆయన చేతికే ఇచ్చి కొలుచుకోండి అంటే, మీ టేపు కూడా ముడుచుకుపోయిందమ్మా అన్నాడు. అందరూ నవ్వారు. నా మాటకి నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, ఇంకోటి చెప్పండి వదినా అన్నారు, ఇంకోటి చెప్పాను, దాని తర్వాత ఇంకోటి. పార్టీ ఎప్పుడు ముగించాలో చూసుకోవాల్సినదాన్ని, అది ముగిస్తే తర్వాత ఏముంటుందో నాకొక్కదానికే తెలిసినదాన్ని, అందుకే కాబోలు, ఇంకొంచెం, ఇంకొంచెం అని కూర్చున్నాను. పది పదిహేను నిమిషాలు ఆయన్ని చూడటమే మర్చిపోయాను. మర్చిపోవడం ఆయనొక్కరి సొత్తా అని తర్వాత నాకు నేను సర్దిచెప్పుకోబోయాను గానీ, అప్పుడు మాత్రం హాయిగా ఉంది, ఆ మాట దాచడం ఎందుకు.

తలతిప్పి చూసేసరికి ఆయన వేళ్ళు కింది గుండీ మీద ఉన్నాయి. ఎండ మేడ వెనక్కి దిగిపోయింది, తెర వేసినా, దీపాలు పెట్టినా, ఏ చిల్లులోంచి తెలుస్తుందో ఆయనకి. గుండీని ఇటు తిప్పుతున్నారు, అటు తిప్పుతున్నారు. "మీ అబ్బాయి పెళ్ళెప్పుడోయ్," అని బ్రేకుని అడిగారు. "అయిపోయింది సార్. మనవరాలు కూడా పుట్టింది," అన్నాడు బ్రేకు. ఓహో, సంతోషం అన్నారు. ఒక నిమిషం గడిచిందో లేదో, "మీ అబ్బాయి పెళ్ళెప్పుడోయ్?" బ్రేకు ముఖంలో ఏమీ మారలేదు. "అయిపోయింది సార్. మనవరాలు కూడా పుట్టింది." నేను ప్లేటు కింద పెట్టాను. లేవాలి, గ్లాసులు తీయాలి, ఏదో ఒకటి కింద పడేయాలి, పొయ్యి మీద ఏదో మాడిపోతోందని అరవాలి. "మీ అబ్బాయి..." మూడోసారి. "అయిపోయింది సార్," అన్నాడు బ్రేకు, మొదటిసారి చెప్పినంత ఇష్టంగా, "మీరొచ్చి దీవించారు కూడా." ఈయన ఆ మాట వినిపించుకోలేదు. లేచి నిలబడ్డారు. "టైమైంది. నేను వెళ్ళాలి. బళ్ళన్నీ లోపలే ఉండిపోయాయి," అంటూ తలుపు వైపు నడిచారు, గొళ్ళెం మీద చెయ్యి వేశారు. పదకొండు మంది చూస్తున్నారు. ఆ బస్సులో ఆయన అడిగిన ఒకే ఒక్కటి, రెండేళ్ళు కాపాడుకొచ్చి, కేకు ముక్క తింటూ పోగొట్టాను. ఇక ఏడుస్తారు, వీళ్ళందరి ముందూ ఏడుస్తారు, నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే ఇంకా ఏడుస్తారు.

"అవును కంట్రోలర్ గారూ, టైమైంది," అంది రైట్‌రైట్, లేచి, బ్యాగు భుజాన వేసుకుంటూ. "మీరు పంపిస్తే మేం బయల్దేరతాం." ఆవిడ అనడమే ఆలస్యం, కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి, ఎవరూ ఎవరికీ చెప్పలేదు, తలుపు ముందు ఒకరి వెనక ఒకరు వరసలో నిలబడ్డారు, బ్రేకు అందరికంటే ముందు. ఈయన వాళ్ళని చూశారు. వీపు మళ్ళీ నిటారైంది. ఎడమ చెయ్యి పైకెత్తి మణికట్టు చూసుకున్నారు, అక్కడ వాచీ లేదు, అది నేను బట్టల కింద దాచాను, నా చేతులు విరిగిపోనూ. బ్రేకు తన చెయ్యి చాపి ఆయన కళ్ళ ముందు పెట్టాడు. "మీరే చూడండి సార్." ఈయన ఆ వాచీ మీదికి వంగి చూశారు, చాలాసేపు చూశారు. "అయిదూ యాభై ఒకటి. కదులు. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపకు." "ఆపను సార్," అని బ్రేకు మెట్లు దిగాడు. తర్వాతివాళ్ళు అడుగు ముందుకి వేసి చెయ్యి చాపారు. నిమిషం నిండే దాకా కదలనివ్వలేదు ఈయన, ముల్లు చుట్టు తిరిగి వచ్చేదాకా చూసి, "యాభై రెండు, నువ్వు," అన్నారు. యాభై మూడు, ముసలి మెకానిక్. యాభై నాలుగు. ఒకరి వెనక ఒకరు, నిమిషం తేడాతో, పదకొండు మందీ, ఒక్కరు తొందరపడలేదు, ఒక్కరు నవ్వలేదు. గుండీ ఊసే లేదు ఆయనకి. పార్టీ ముగించడం ఎలాగని నేను రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను, అది ఇలా ముగుస్తుందని ఎవరనుకున్నారు.

చివర రైట్‌రైట్. తన నిమిషం నిండే లోపల నా వైపు జరిగి మెల్లగా అంది, "వదినా, గడియారం సరిచేసేయండి. ఈసారి ఎప్పుడు లేవాలో మేం చూసుకుంటాం." ఎప్పట్నించి తెలుసని అడిగాను. "ఏడాదిన్నర. ఓ సాయంత్రం డ్యూటీకని డిపో గేటు దాకా వచ్చేశారు. బ్రేకన్నే మీ సందు మొదట్లో దింపి వెళ్ళాడు. మీ అంతట మీరు చెప్తే వినాలనుకున్నాం." నాకు ఆ సాయంత్రం గుర్తే, దండెం మీద బట్టలు తీస్తుంటే తలుపు తెరిచి వెళ్ళిపోయారు, వీధులన్నీ తిరిగి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఉన్నారు, తనంతట తానే దారి గుర్తుపట్టి వచ్చారని నేను మురిసిపోయాను, ఆ ఒక్క రోజుని పట్టుకుని నెలల తరబడి బతికాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నాళ్ళూ నేను దాచింది ఇదా. వాళ్ళకి తెలియకూడదని నేను, వాళ్ళకి తెలుసని నాకు తెలియకూడదని వాళ్ళు, తలుపుకి అటొకరం ఇటొకరం. నాకు కృతజ్ఞత కలగాలి. కలిగింది కూడా, కానీ దానికంటే ముందు ఒళ్ళు మండింది, ఇన్ని సాయంత్రాలు ఎవరి కోసం ఒంటరిగా ఉన్నాను, ఎవరైనా ఒకరొచ్చి పక్కన కూర్చుని ఉండొచ్చు కదా అని. రావద్దన్నది నేనే. "ఆరూ ఒకటి. నువ్వు," అన్నారు ఈయన. ఆవిడ నా భుజం నొక్కి మెట్లు దిగింది.

తలుపు మూసి, గ్లాసులన్నీ ట్రేలో పెట్టుకుని సింకు దగ్గరికి తెచ్చుకున్నాను. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందో, కుళాయి చప్పుడు కూడా ఎక్కువగా ఉంది. అయినా ఏడుపు లేదు, గొళ్ళెం గొడవ లేదు, ఈ పూటకి గండం గడిచిందనుకుంటూ ఒక్కొక్క గ్లాసూ కడిగి బోర్లిస్తున్నాను. ఆయన రెండు ఖాళీ గ్లాసులు పట్టుకుని వచ్చి గుమ్మం బయటే ఆగారు. వంటింట్లోకి రాలేదు, పరాయివాళ్ళ వంటింటి ముందు నిలబడినట్టు నిలబడ్డారు. "మీకెందుకండీ ఈ శ్రమ," అన్నారు. ఎవరితో అంటున్నారోనని వెనక్కి తిరిగి చూశాను. గోడ. "అందరూ వెళ్ళిపోయారు. మీరు కూడా బయల్దేరండి, చీకటి పడుతోంది. మా ఆవిడ వచ్చే వేళైంది, ఇవన్నీ తను చూసుకుంటుంది." మీరు అన్నారు నన్ను. ఇన్నేళ్ళలో నన్ను మీరు అనడం అదే మొదటిసారి, నన్ను గుర్తుపట్టకపోవడమూ అదే మొదటిసారి. వెళ్ళి కొక్కేనికున్న నా సంచీ తెచ్చి రెండు చేతులతో చాపారు. "ఇది మీదేనా?" ఎంత మర్యాద, ఎంత మెత్తని గొంతు, ఇంత మర్యాద ఆయన దగ్గర ఉందని నాకు తెలుసు గానీ అది ఎప్పుడూ బయటివాళ్ళ కోసమే, నా దాకా రాలేదు. నేనండీ, నేనే మీ ఆవిడని అనొచ్చు. అంటే ఆ ముఖం నలిగిపోతుంది, వేళ్ళు గుండీ మీదికి వెళ్తాయి, గొళ్ళెం, డ్యూటీ, ఏడుపు. పదకొండు మందిని నిమిషం తప్పకుండా పంపి వచ్చిన మనిషి, ఇంకొక్కరే మిగిలారు ఆయనకి. "నాదేనండీ," అన్నాను. చేతులు తుడుచుకున్నాను. "చాలా బాగా జరిగింది," అన్నాను, ఏదో అనాలి కదా వెళ్ళేముందు. "మీరు రావడం సంతోషం," అన్నారు, తలుపు దాకా వచ్చి, నేను చెప్పులు వేసుకునే దాకా ఆగి, మెల్లగా తలుపు వేసుకున్నారు.

మెట్ల మీద దీపం ఇంకా వేయలేదు. సంచీ పట్టుకుని నా ఇంటి తలుపు ముందు నిలబడ్డాను, రెండడుగులు కిందికి దిగి మళ్ళీ ఎక్కాను, నేను దిగాక ఆయన తలుపు తీసుకుని ఎటైనా వెళ్ళిపోతే ఎవరు చూస్తారు. ఒక అతిథి వెళ్ళాక ఇంటావిడ రావడానికి ఎంతసేపు పట్టాలి. వెంటనే బెల్లు కొడితే, వెళ్ళమన్నా వెళ్ళలేదేమిటీవిడ అనుకుంటారు. ఆలస్యం చేస్తే, ఆవిడ ఇంకా రాలేదేమని బెంగపడతారు, ఆవిడ ఎవరో నేనే అయినా ఇప్పుడు ఆవిడ మీద నాకు కాస్త అసూయగా ఉంది, ఆయన ఎదురు చూస్తున్నది ఆవిడ కోసం. పక్కింట్లో ఎవరో కూతుర్ని చదువుకోమని కేకలేస్తున్నారు. తలుపుకి చెవి ఆనించాను. లోపల కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత ఇంకో కుర్చీ, చెదిరిన హాలు సర్దుతున్నట్టున్నారు. తలుపు తీసి మళ్ళీ ఎవరు కావాలండీ అంటే ఏం చేయాలో నేను ఆలోచించలేదు, ఆలోచించడానికి మనసొప్పలేదు. ఇప్పుడా, ఇంకా కాదా, ఇప్పుడా, అనుకుంటూ నిలబడి నిలబడి, చివరికి బెల్లు నొక్కాను.

తలుపు తీశారు. నన్ను చూసి నుదురు చిట్లించారు, అది విసుగు, నాకు బాగా తెలిసిన విసుగు, నా ఒక్కదాని కోసమే ఉంచుకున్నది. "ఎక్కడికెళ్ళావే ఇంతసేపు? అందరూ వచ్చి వెళ్ళిపోయారు."

"ఆలస్యమైందండీ," అన్నాను.

చేతిలోంచి సంచీ తీసుకుని కొక్కేనికి తగిలిస్తూ ఆయన వంటింటి వైపు చూశారు. "ఒకావిడ మాత్రం చివరిదాకా ఉండిపోయింది. గ్లాసులు కూడా ఆవిడే కడిగింది. ఎంతకీ లేవదు, నేనే పంపించాల్సొచ్చింది." గొంతు తగ్గించి అన్నారు, "పాపం, ఇంటి దగ్గర ఎవరూ లేరనుకుంటాను."